పనిమనిషిని అడగని మాట

శుక్రవారం మధ్యాహ్నం అరబ్బు యజమాని ఇంట్లోవాళ్లంతా తిని లేచాక షహర్‌బాను వెనకవైపు వంటింటి అరుగు మీద డ్రైవరు ఖాసిం వలికి అన్నం పెట్టింది. గిన్నె అడుగున మిగిలిన, మాంసంతో వండిన మచ్బూస్ అన్నమే. దాని మీద తను విడిగా కాచుకున్న చింతపండు చారు పోసింది. అతను రెండో ముద్ద కలుపుతుండగా పెద్ద కారు గేటు దాటి దూసుకొచ్చింది. ఎప్పుడూ ఆగే రేకుల నీడ కూడా దాటిపోయి, ప్రహరీ గోడకు మూరెడు దూరంలో కీచుమని ఆగింది. ముందు దీపం ఒకటి పగిలి ఉంది. బానెట్ కుడివైపు లోపలికి నొక్కుకుపోయింది.

స్టీరింగ్ ముందు నుంచి ఫహద్ దిగాడు. ఇరవై ఏళ్లవాడు, ఆ ఇంటికి పెద్దకొడుకు. పొద్దున నెత్తి మీద ఉన్న తెల్ల రుమాలు ఇప్పుడు లేదు. కారు తలుపు వెయ్యలేదు. అరుగు మీది ఇద్దరినీ చూసీ చూడనట్టు చూసి, చెప్పులు విడవకుండానే గడప దాటి లోపలికి పోయాడు.

"ఎవురికో తగిలిచ్చినాడక్కా," అన్నాడు ఖాసిం వలి. ముద్ద అతని చేతిలోనే ఉండిపోయింది. "లైసెన్సు పోలీసోళ్లు గుంజుకోని రెండు నెలలు కాలేదు. తాళాలు ఈనని ఎంత చెప్పినా ఇనకపాయ."

"ముందు తిను నువ్వు."

అతను తినలేదు. చెయ్యి కడుక్కుని వెళ్లి, అప్పటిదాకా ఆడుతూనే ఉన్న ఇంజన్ ఆపి, తలుపు వేసి వచ్చాడు.

అరగంట తర్వాత ఇంటి యజమాని బాబా ఖాసిం వలిని దివానియాలోకి పిలిచాడు. మగవాళ్లు వచ్చి కూర్చునే ఆ ముందుగదికి పగటిపూట తలుపు వెయ్యడం షహర్‌బాను ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఆ రోజు వేశారు. పై అంతస్తులో ఫహద్ తల్లి మామా ఏడుపు వినిపించింది. అసర్ నమాజుకు పిలుపు వచ్చే వేళకు తలుపు తెరుచుకుంది. ఖాసిం వలి తన గదికి పోయి, ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. పెండ్లికి పోయేవాడిలా ఉన్నాడనుకుంది షహర్‌బాను. అతను ఆమె వైపు ఒక్కసారి చూసి, బాబా చిన్న కారులో వెనక కూర్చున్నాడు. ఎప్పుడూ తను నడిపే మనిషి, వెనక సీట్లో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ముడుచుకుని కూర్చున్నాడు.

సాయంత్రం మామా వంటింట్లోకి వచ్చి డబ్బాల్లో ఏలకులు వెతుకుతూ అంది: "ఖాసిం ఎవరినో కారుతో గుద్దాడు. స్టేషన్‌లో ఉన్నాడు."

"ఖాసిమా, మామా?"

"అవును. ఖాసిం." రెండోసారి గట్టిగా అంది. ఏలకుల డబ్బా కళ్లెదుటే ఉన్నా తీసుకోకుండా వెళ్లిపోయింది.

*

మరునాడు ఇద్దరు పోలీసులు వచ్చారు. ఒకడు కారు చుట్టూ తిరిగి టేపుతో కొలతలు తీశాడు. ఇంకొకడు ఒత్తు మీసాల ఆఫీసరు. దివానియాలో బాబా పక్కన కూర్చుని మోకాలి మీద పుస్తకం తెరిచాడు. షహర్‌బాను చాయ్ పట్టుకుపోయింది.

"డ్రైవరు ఎన్ని గంటలకు బయల్దేరాడు?" ఆఫీసరు అడుగుతున్నాడు.

"నమాజు అయిన వెంటనే. పెట్రోలు పోయించమని పంపాను," అన్నాడు బాబా. గొంతులో తొణుకూ బెణుకూ లేదు.

ఆఫీసరు రాసుకున్నాడు. షహర్‌బాను చేతిలోంచి చాయ్ గ్లాసు అందుకుని "షుక్రన్" అన్నాడు, రాస్తున్న గీత మీంచి కళ్లెత్తకుండా. ఆమె ఖర్జూరాలు తెచ్చింది. ఖాళీ గ్లాసులు తీసింది. మళ్లీ చాయ్ పోసింది. నాలుగుసార్లు ఆ గదిలోకి వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ అనుకుంది, ఇప్పుడు అడుగుతాడేమో అని. అడిగితే ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. కానీ ఆ మనిషి అడగలేదు. గోడను అడుగుతారా, ట్రేను అడుగుతారా? అలాగే ఆమెనూ అడగలేదు. పుస్తకం మూసి, బాబా భుజానికి భుజం తాకించి సలాం చెప్పి వెళ్లిపోయాడు.

గ్లాసులు కడుగుతుంటే ఒకటి జారి తొట్టిలో పగిలింది. షహర్‌బాను ముక్కలు ఏరుతూ, అడగనందుకు తనకు కలిగింది ఊరటా, కోపమా అని తేల్చుకోలేకపోయింది. అది కోపమేనని రాత్రి పడుకోబోయే ముందు తెలిసింది.

*

ఆదివారాలు పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక టీవీ రెండో చానల్లో ఇంగ్లీషు అపరాధ పరిశోధన సీరియల్ వచ్చేది. బాబా తల్లికి, అంటే ఇంట్లో అందరూ మామా ఓదా అని పిలిచే పెద్దావిడకు, అదంటే ప్రాణం. ఇంగ్లీషు రాదు. కింద పడే అరబ్బీ అక్షరాలు చదవడమూ రాదు. షహర్‌బానుకు రెండూ రావు. అయినా ఒకరు మంచం మీద, ఒకరు కింద తివాచీ మీద ఆ కాళ్లకు నూనె రాస్తూ, రెండేళ్లుగా ఒక్క వారం తప్పకుండా చూస్తున్నారు. అర్థం కానిచోట ఇద్దరూ కలిసి కథ అల్లుకునేవారు.

అందులో ఒక ముసలి ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. వాన ఉన్నా లేకున్నా చేతిలో గొడుగు. మామా ఓదా అతనికి 'అబూ షంసియ్యా' అని, గొడుగు తండ్రి అని, పేరు పెట్టింది. అతని కింద ఒక పోలీసు పిల్ల. పొట్టి జుట్టు, ఎప్పుడూ తడిసినట్టుండే బూట్లు, చేతిలో చిన్న నోటు పుస్తకం. ఆమె పేరు 'బింత్ అల్ దఫ్తర్', పుస్తకం పిల్ల. ముసలాయన ఒక్కనాడూ గొంతు పెంచడు. పెద్ద పెద్ద హాళ్లలో దొరలతో కూర్చుని టీ తాగుతూ వాళ్ల చేతుల వంక చూస్తుంటాడు. అదే సమయంలో ఆ పిల్ల ఇంటిని చుట్టి వెనకవైపు నుంచి వంటింట్లోకి వెళుతుంది. బంగాళాదుంపలు తొక్క తీస్తున్న పనిమనిషి పక్కన పీట లాక్కుని కూర్చుంటుంది. పనిమనిషి ముందు బెదురుతుంది. తర్వాత చేతులు తుడుచుకుని మొదలుపెడుతుంది. ఆ పిల్ల మధ్యలో ఒక్క మాట మాట్లాడదు. తలూపుతూ రాసుకుంటుంది.

ప్రతి వారం అలాంటి ఘట్టం ఒకటి తప్పక వచ్చేది. షహర్‌బాను వారమంతా దానికోసం చూసేది.

"ఆ దేశంలో పనిమనిషి చెప్పేది కూడా రాసుకుంటారు మామా!" అని ఒకసారి ఆశ్చర్యపోతే మామా ఓదా నవ్వింది. "రాసుకోరా మరి? ఇంట్లో ఏం జరిగినా ముందు తెలిసేది వంటింటికే."

హంతకుణ్ణి అబూ షంసియ్యా కంటే ముందు మామా ఓదాయే పట్టేసేది. చేతికర్ర ఎత్తి టీవీ మీద ఆడించేది: "వాడే! పట్టుకో వాణ్ణి! ఎంత నంగనాచిలా కూర్చున్నాడో చూడు!"

ఈ ఆదివారం ఆవిడ కర్ర ఎత్తలేదు. పుస్తకం పిల్ల వంటింట్లోకి వెళ్లి పీట లాక్కున్నప్పుడు షహర్‌బాను చేతులు ఆవిడ పిక్క మీద ఆగిపోయాయి.

"ఏమైంది?" అంది మామా ఓదా.

"ఏం లేదు మామా." కాసేపు రుద్దింది. మళ్లీ ఆగింది. తల ఎత్తకుండా, కాళ్లతో చెబుతున్నట్టు చెప్పింది: "శుక్రవారం కారు లోపలికొచ్చినప్పుడు ఖాసిం నా ముందర కూర్చుని అన్నం తింటున్నాడు మామా."

టీవీలో మాటలు సాగుతూనే ఉన్నాయి. చివరికి అబూ షంసియ్యా అందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టాడు. గొడుగు కుర్చీకి ఆనించి, వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, నోరు తెరిచాడు.

"కట్టెయ్," అంది మామా ఓదా.

"ఇంకా పేరు చెప్పలేదు మామా."

"నాకు తెలుసు. కట్టెయ్."

షహర్‌బాను లేచి టీవీ ఆపింది. నల్లబడిన అద్దంలో మంచమూ, దాని మీద ముసలావిడా మసగ్గా కనిపించారు.

"పోలీసు ఆఫీసర్ల కాలేజీలో ఫహద్‌కు సీటొచ్చింది. వచ్చే నెల చేరాలి," అంది మామా ఓదా. "వాడు నా ఒళ్లో పెరిగాడు. నువ్వు కూడా వాడికి అన్నం పెట్టావు."

*

సోమవారం పొద్దున బాబా వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆయన అక్కడికి రావడం అరుదు.

"దెబ్బ తగిలినవాడు మీ దేశంవాడే. హిందీ కూడా రాదట. మీ భాషే మాట్లాడుతున్నాడట. అబాయా వేసుకో. ఆసుపత్రికి వెళ్లాలి. పోలీసు అడిగేది అతనికి చెప్పు, అతను చెప్పేది పోలీసుకు చెప్పు."

కారు ఆయనే నడిపాడు. తాముండే జహ్రా ఇళ్లు దాటి పెద్ద రోడ్డు ఎక్కాడు. తర్వాత అద్దంలోంచి ఆమెను చూస్తూ, పిల్లలకు చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

"వాడు ఏం చెప్పినా, కారు నడిపిన మనిషిని చూడలేదన్నాడని చెప్పు. అంతే. వాడి వైద్యం నేను చూసుకుంటాను. ఖాసింకు కూడా ఏమీ కానివ్వను." కొంచెం ఆగి, "ఇక్కడ ఉండడానికి నీ ఇఖామా గడువు వచ్చే నెలతో అయిపోతుంది కదా? గుర్తుంది నాకు. మళ్లీ వేయిస్తాను," అన్నాడు.

షహర్‌బాను "సరే బాబా" అంది.

వార్డులో చివరి మంచం మీద పాతికేళ్లవాడు పడుకుని ఉన్నాడు. నల్లగా, బక్కగా ఉన్నాడు. తలకు కట్టు. కుడికాలు కప్పీ మీదుగా తాడుతో ఎత్తి కట్టి, తాడు చివర ఇసుక సంచి వేలాడదీశారు. ఒత్తు మీసాల ఆఫీసరు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. బాబా మంచం కాళ్లవైపు నిలబడి తస్బీహ్ పూసలు తిప్పసాగాడు.

"నీ పేరేమి నాయనా?" అంది షహర్‌బాను.

ఆ రెండు మాటలకే అతని ముఖం మారిపోయింది. లేవబోయి మూలిగాడు. "మన మాటనా అక్కా! తెలుగేనా! నా పేరు చిన్నరాజం. జగిత్యాల దిక్కు మాది. నువ్వు ఏడికెంచి అక్కా?"

"రాయచోటి కాడ."

"ఏడనన్న కానీ, మన మాట ఇనవడ్డది. మూడు దినాలాయె, ఎవ్వలేం అంటున్నరో తెల్వక పిచ్చి లేస్తంది." కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఒక్క ముచ్చట అడుగక్కా. నా కాలు తీసేస్తరా? అద్దుమ రాత్రి మెలుకువొస్తే అది ఉన్నదో లేదో తడుముకుంటున్న."

షహర్‌బాను ఆఫీసరుతో చెప్పింది. ఆఫీసరు నర్సును పిలిచి అడిగాడు. నర్సు కాగితాలు చూసి చెప్పింది.

"తీసేయరంట. లోపల కమ్మీ ఏసి అతుకుతారంట. నడుస్తావంట, కొన్ని నెలలు పడుతుంది."

చిన్నరాజం కళ్లు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలాడు. ఇసుక సంచి కదిలింది. "నువ్వు జెప్పినవ్, ఇగ నిద్రవడ్తది," అన్నాడు.

"ఎలా జరిగిందో అడుగు," అన్నాడు ఆఫీసరు.

అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. "రోడ్డు పొంటి చెట్లకు నీళ్లు పెట్టే డ్యూటీ అక్కా. శుక్కురారం గూడ ఏసిండ్రు. పైపు గుంజుకుంట అంచుకే ఉన్న, రోడ్డు మీదికి ఎక్కలే. ఎన్కకెంచి అచ్చి గుద్దింది కారు. నేను పడ్డంక ఆగింది. ఒక పోరడు దిగిండు. సన్నగ, తెల్లగ, మీసం ఇప్పుడిప్పుడే అస్తంది. కాళ్లదాక తెల్ల అంగీ. నా మీదికి వంగి సూశిండు. గజగజ వణుకుతుండు అక్కా, నాకంటె ఎక్కువ. వాని నెత్తి మీది రుమాలు జారి నా ఎద మీద పడ్డది. ఇగ ఉరికి కారెక్కి పోయిండు. గా రుమాలుతోనే నెత్తికి కట్టుకున్న. ఈడికి తెచ్చినంక పారేశిండ్రు."

"ఏమంటున్నాడు?" ఆఫీసరు కలం పట్టుకున్నాడు.

పూసలు ఆగాయి. షహర్‌బాను బాబా వైపు చూడలేదు. అయినా ఆయన ఎక్కడ నిలబడ్డాడో వీపుకు తెలుస్తూనే ఉంది.

"చెట్లకు నీళ్లు పెడుతున్నాడట. వెనక నుంచి కారు గుద్దిందట."

"నడిపిన మనిషి?"

"చూడలేదట."

పూసలు మళ్లీ కదిలాయి. ఆఫీసరు రాశాడు. నాలుగు వరసలే పట్టింది. జేబులోంచి సిరా డబ్బీ తీసి మూత తెరిచాడు.

"అన్ని జెప్పినవా అక్కా?" అన్నాడు చిన్నరాజం.

"ఊఁ."

"రుమాలు సంగతి?"

"ఊఁ."

"గంత ముచ్చట ఇంత జల్ది అయిపాయెనా అరబ్బీల!" అని నవ్వాడు. పెదవి పగిలి ఉండడం వల్ల నవ్వు ఒకపక్కకే వచ్చింది. "మంచిదక్కా. ఈ దేశమొచ్చి నాల్గు నెలలాయె, నా మాట రాసుకున్నోడు లేడు. ఇయ్యాల రాసిండ్రు. ఏలుముద్రేనా? ఏస్త. నువ్వు జెప్పినంక నాకేం భయం?"

ఆఫీసరు పట్టుకోకముందే తనే బొటనవేలు సిరాలో అద్ది కాగితం వైపు చాపాడు.

షహర్‌బాను అతని మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక గాని పట్టుకున్నట్టు ఆమెకు తెలియలేదు. సిరా ఆమె అరచేతికి అంటుకుంది.

"ఆగండి," అంది అరబ్బీలో. "నేను తప్పు చెప్పాను. అతను చూశాడు."

"షహర్‌బాను," అన్నాడు బాబా. అరవలేదు. పేరు మాత్రమే పలికాడు.

ఆమె ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. చిన్నరాజం చెప్పిన వరసలోనే చెప్పింది. పైపూ, అంచూ, తెల్ల అంగీ, మీసం, వణుకూ, రుమాలూ. తెలియని మాట వచ్చినచోట చేత్తో చూపించింది. చిన్నరాజం ఒకసారి ఆమె ముఖం, ఒకసారి ఆఫీసరు ముఖం చూస్తున్నాడు. ఏదో జరుగుతోందని తెలిసింది గాని ఏమిటో తెలియలేదు.

ఆఫీసరు రాయలేదు. బాబా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. బాబా కిటికీ వైపు తిరిగాడు. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. రాసిన కాగితం చించుతాడో, తన చెయ్యే విదిలించి వేలిముద్ర వేయిస్తాడో అర్థంకాక షహర్‌బాను ఆ మణికట్టును అలాగే పట్టుకుని నిలబడింది.

"శుక్రవారం ఆ వేళకు నువ్వెక్కడున్నావు?" అన్నాడు ఆఫీసరు.

ఆమెకు మొదట ఆ ప్రశ్న చిన్నరాజాన్ని అడిగినట్టు అనిపించింది. తెలుగులోకి మార్చబోయి ఆగింది.

"నేనా?"

"నువ్వే."

"వంటింటి అరుగు మీద. కారు లోపలికొచ్చేసరికి డ్రైవరు నా ముందు అన్నం తింటున్నాడు. కారు నడుపుకొచ్చింది ఫహద్."

ఆఫీసరు కొత్త పేజీ తిప్పాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. చిన్నరాజం వేలిముద్ర వేశాక, దాని కింద ఆమె వేలిముద్ర కూడా తీసుకున్నాడు.

*

మంగళవారం ఖాసిం వలి ఇంటికి వచ్చాడు. ఫహద్ స్టేషనుకు వెళ్లి, మేనమామ పూచీకత్తు మీద ఆ సాయంత్రమే తిరిగొచ్చి, గది తలుపు వేసుకున్నాడు. కేసు అతని పేరు మీదికి మారింది. కాలేజీ సీటు పోయింది. మామా షహర్‌బానుతో మాట్లాడడం మానేసింది. ఏం కావాలన్నా చిన్న పిల్లలతో చెప్పించేది. బాబా కోప్పడలేదు, చెయ్యెత్తలేదు. "ఇఖామా ఖలాస్. టికెట్ తీస్తున్నాను," అని మాత్రం చెప్పాడు.

నూనె గిన్నె పట్టుకుని ఎప్పటిలాగే మామా ఓదా గదికి వెళితే, ఆవిడ కాళ్లు దుప్పటి లోపలికి లాక్కుంది.

"నీ చేతులకు అలవాటు పడిపోయాను," అంది గోడవైపు తిరిగి. ఇంకేమీ అనలేదు. షహర్‌బాను కొంతసేపు తివాచీ మీద కూర్చుని, గిన్నె తీసుకుని వచ్చేసింది.

పదో రోజున ఆమెను విమానాశ్రయంలో దించి రమ్మని బాబా ఖాసిం వలికే చెప్పాడు. అతన్ని మాత్రం పనిలోనే ఉంచుకున్నాడు. దెబ్బ బాగుచేయించిన అదే కారు. ఆరో రింగు రోడ్డు ఎక్కేదాకా అతను నోరు విప్పలేదు. కృతజ్ఞత చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాడేమో అనుకుంది షహర్‌బాను.

"నిన్నెవురు చెప్పమన్నారక్కా?" అన్నాడు చివరికి.

"ఏందీ?"

"మూడు నెల్లో, ఆరు నెల్లో లోపలుండి వస్తాంటి. ఆ పొద్దు దివానియాలో బాబా నాకు మాటిచ్చినాడు. మా తమ్మునికి వీసా తీసి, తన దుకాణంలోనే పనిస్తానన్యాడు. ఇష్టపడే పోతి నేను. ఇప్పుడు వీసా లేదు, ఏం లేదు."

ఆమె అతని వైపు తిరిగింది. "నాతో చెప్పింటివా?"

"నువ్వు అడిగింటివా?"

రోడ్డుకు రెండు వైపులా ఇసుక తెల్లగా మండుతోంది. పోలీసు తనను అడగలేదని రెండు రోజులు కుతకుత ఉడికిన మనిషి, తన చేతి అన్నం తింటూ కూర్చున్నవాణ్ణి ఒక్క మాట అడగాలని అనుకోనేలేదు. వెళ్లబోతూ అతను తన వైపు చూసిన చూపుకు తనకు తోచిన అర్థమే పెట్టుకుంది. తప్పు చెప్పానా అని వెనక్కి తిరిగి చూసుకుంది. వేలు సిరాలో అద్ది కాగితం వైపు చాపిన ఆ నమ్మకం గుర్తొచ్చింది. మళ్లీ ఆ మంచం దగ్గర నిలబెడితే మళ్లీ అదే చెబుతుంది. కానీ దానికి ఎవరెవరు ఎంత పోగొట్టుకున్నారో ఆ లెక్కలో ఇప్పుడు ఇతనూ చేరాడు.

"నేనుండంగా అబద్ధం మీద ఆయప్పతో ముద్ర ఏయించలేకపోయినా ఖాసిం," అంది.



విమానాశ్రయం ముందు అతను పెట్టె దించి, తాడు వదులైతే మోకాలు ఆనించి బిగించి కట్టాడు. కట్టడం అయిపోయినా లేవలేదు.

"నిన్న ట్రంక్ కాల్ మాట్లాడినా అక్కా, మా ఊరి అంగట్లో ఫోనుకు. ఇక్కడ్నుంచి పోయినోడెవుడో చెప్పినాడంట, నీ కొడుకు మనిషిని గుద్ది పారిపోయినాడని. మా యమ్మ వీధిలో తలెత్తి నడవడం మానేసిండాదంట." తాడు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చెబుతున్నాడు. "నేను కాదమ్మా అంటి. ఏ కొడుకైనా కాదనే అంటాడు గదరా అనె. జైలు గురించి ఆలోచన చేసినా గాని, ఆయమ్మ ఇనే మాట గురించి ఆలోచన చెయ్యలేదక్కా." ఇప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు పోయి చెబుతావా? నువ్వు చెబితే నమ్ముతాది."

"చెబుతా," అంది షహర్‌బాను. "మీ యమ్మ పేరేమి?"

"ఖాతూన్ బీ."

"ఇల్లు యాడ?"

అతను చెప్పాడు. బస్సు ఎక్కడ దిగాలో, ఏ మసీదు పక్క సందులో తిరగాలో, ఎన్నో గుమ్మమో. షహర్‌బాను పెట్టె మీద కూర్చుంది.

"ఇంగోసారి చెప్పు. మెల్లగా," అంది.